అరికాలి నల్లమచ్చ: ఏక్రల్ మెలనోమా వ్యాప్తి, గుర్తింపు, చికిత్స

చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. చర్మ క్యాన్సర్లలో అత్యంత ప్రమాదకరమైన వాటిలో ఇది ఒకటి. ఇందులో అరికాలు, అరచేయి, గోటి అడుగుభాగం వంటి చోట్ల తలెత్తే రకానికి ఏక్రల్ మెలనోమా అని పేరు. గ్రీకు భాషలో ‘అక్రాన్’ అంటే కొస. శరీరపు కొసభాగాలలో వచ్చేది కాబట్టి ఆ పేరు వచ్చింది. అమెరికాకు చెందిన రోగనిర్ధారణ శాస్త్రవేత్త రిచర్డ్ రీడ్ 1976లో దీనిని మెలనోమాలలో ఒక ప్రత్యేక రకంగా వర్ణించారు.

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇది అరుదైన వ్యాధే. అయితే నల్లని, చామనచాయ చర్మం గల ప్రజలలో మెలనోమా అంటూ వస్తే అది ఈ రూపంలో రావడానికే అవకాశం ఎక్కువ. మన దేశంలోని పెద్ద ఆసుపత్రులు ప్రచురించిన అనుభవాలలోనూ చర్మ మెలనోమా తొలుత కనిపించిన స్థానంగా పాదానిదే అగ్రస్థానం. పలుచగా ఉన్నప్పుడు కోసి తీసివేస్తే నయమయ్యే ఈ వ్యాధి మన దగ్గర తరచుగా ముదిరిన తరువాతే వైద్యుని ముందుకు వస్తోంది. ఇందుకు చాలావరకు కారణం అది కనిపించే చోటు. అరికాలిని మనం చూసుకోము. చూసుకున్నా అక్కడి మచ్చను ముల్లుగానో, ఆనెకాయగానో, దెబ్బగానో భావిస్తాము.

ఎండకు సంబంధం లేని క్యాన్సర్

మెలనోమా అనగానే ప్రపంచానికి ఆస్ట్రేలియా గుర్తుకు వస్తుంది. తెల్లని చర్మం, తీక్షణమైన ఎండ, సముద్రతీరాల విహారం అనే మూడూ కలిసి అక్కడ ఈ వ్యాధి రేటును ప్రపంచంలోనే అత్యధిక స్థాయికి చేర్చాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల 25 వేల మందికి కొత్తగా మెలనోమా సోకింది. సుమారు 57 వేల మంది మరణించారు. ఈ కేసులలో అత్యధిక భాగం ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలవే. మన దేశంలో వయోభేదాన్ని సవరించి లెక్కించిన రేటు లక్ష జనాభాకు ఒకటికన్నా తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి 1981లో ప్రారంభించిన జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమపు నివేదికలలో నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ల సరసన దీనికి చోటు దొరకదు.

చర్మంలోని మెలనిన్ అనే వర్ణద్రవ్యం అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. అందుచేతనే నల్లని చర్మానికి ఎండ వల్ల వచ్చే మెలనోమా నుంచి గట్టి రక్షణ ఉంది. అరికాలి కథ వేరు. అక్కడ చర్మం మందం, రంగు తక్కువ, ఎండ తగలడం దాదాపు లేదు. 2017లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన జన్యు అధ్యయనం ఈ భేదాన్ని కణస్థాయిలో చూపింది. ఎండ తగిలే చోట పుట్టిన మెలనోమాల జన్యుపదార్థంలో అతినీలలోహిత కిరణాల గాట్లు వేలకువేలుగా కనిపిస్తాయి. అరికాలి మెలనోమాలలో అటువంటి గుర్తులు స్వల్పం. వాటికి బదులు క్రోమోజోములు విరిగి, తారుమారై, కొన్ని భాగాలు అనేక ప్రతులుగా పెరిగిన ఆనవాళ్లు ఎక్కువ.

వేసవి రాగానే వార్తాసంస్థలు పంపే చర్మ క్యాన్సర్ కథనాలన్నీ సన్‌స్క్రీన్ లేపనంతో మొదలై దానితోనే ముగుస్తాయి. తెల్లని చర్మం గల వారికి ఆ సలహా ప్రాణరక్షకమే. శ్రీకాకుళంలో వరి కోతకు వెళ్లే మహిళకు, రామగుండంలో గనికి వెళ్లే కార్మికునికి మెలనోమా విషయంలో మాత్రం దాని వల్ల ఒరిగేది బహుస్వల్పం.

మరి కారణమేమిటి? ఖచ్చితమైన సమాధానం వైద్యశాస్త్రం వద్ద ఇంకా లేదు. ఒత్తిడి, ఒరపిడిల పాత్రను బలపరిచే ఆధారాలు మాత్రం ఉన్నాయి. జపాన్‌లోని షిన్‌షు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన అధ్యయనంలో అరికాలి మెలనోమాలు ఎక్కడెక్కడ పుట్టాయో పాదపటంపై గుర్తించారు. మడమ, ముందుపాదం వంటి నడకలో బరువు మోసే చోట్ల అవి గుమిగూడి ఉన్నాయి. నేలను తాకని పాదపు వంపులో తక్కువగా కనిపించాయి. చెప్పులు లేకుండా నడవడం దీనికి కారణమని మాత్రం ఇంతవరకు నిరూపణ కాలేదు. కోట్లాది మంది జీవితాంతం వట్టి కాళ్లతో నడిచిన దేశంలో ఈ వ్యాధి ఇంత అరుదుగా ఉండటమే ఆ వాదనను తొందరపడి అంగీకరించరాదని చెబుతోంది.

రేటు, నిష్పత్తి: ఒక ముఖ్యమైన తేడా

‘ఏక్రల్ మెలనోమా నల్లవారి జబ్బు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. అమెరికా క్యాన్సర్ నమోదుల ఆధారంగా 1986 నుంచి 2005 వరకు జరిగిన పరిశీలనలో ఈ వ్యాధి రేటు ఏడాదికి పది లక్షల మందిలో 1.8గా తేలింది. శ్వేతజాతీయులలోనూ, నల్లజాతీయులలోనూ ఆ రేటు దాదాపు సమానమే. తేడా నిష్పత్తిలో ఉంది. నల్లజాతీయులకు వచ్చిన మెలనోమాలలో 36 శాతం ఈ రకానివైతే, హిస్పానిక్ మూలాలు లేని శ్వేతజాతీయులలో అది ఒక్క శాతమే. అంటే నల్లని చర్మం ఈ వ్యాధిని ప్రత్యేకంగా తెచ్చిపెట్టడం లేదు. ఎండ వల్ల వచ్చే తక్కిన మెలనోమాలను అడ్డుకుంటోంది. అవి తొలగిపోగా మిగిలినది ఈ రకం.

ఈ తేడా తెలియడం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, అనవసరమైన భయం తగ్గుతుంది. రెండు, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అరుదైన వ్యాధి అన్నప్పుడు మన జనాభాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పది లక్షల మందిలో ఏటా ఒక్కరికే వస్తుందని అనుకున్నా, 140 కోట్ల దేశంలో అది ఏటా 1,400 కుటుంబాల సమస్య అవుతుంది. ఇది గణాంకం కాదు, వ్యాధి పరిమాణాన్ని ఊహించడానికి వేసిన గుణకారం మాత్రమే.

అమెరికా పరిశీలనలో ఈ రోగుల సగటు వయసు 60 ఏళ్లు దాటింది. నిర్ధారణ తరువాత అయిదేళ్లకు ఈ వ్యాధి వల్ల మరణించకుండా ఉన్నవారు 80.3 శాతం, పదేళ్లకు 67.5 శాతం. అన్ని రకాల చర్మ మెలనోమాలను కలిపి చూస్తే ఆ సంఖ్యలు 91.3, 87.5 శాతాలు. ఇంత వ్యత్యాసానికి వ్యాధి స్వభావం కొంత కారణమైతే, ఆలస్యంగా గుర్తించడం మరికొంత కారణం. ఏక్రల్ మెలనోమాను కనుగొనే నాటికి అది సగటున ఎక్కువ మందం కలిగి ఉంటున్నదని అదే పరిశీలన తెలిపింది.

ముల్లు, ఆనెకాయ, గోరుచుట్టు

అరికాలి మెలనోమా మొదట నొప్పి పెట్టదు, దురద పెట్టదు. సాధారణంగా గోధుమ లేదా నలుపు రంగు మరకలా మొదలవుతుంది. అంచులు సమంగా ఉండవు. ఒక పక్క ముదురుగా, మరో పక్క లేతగా ఉంటుంది. నెలల మీద, ఒక్కోసారి సంవత్సరాల మీద మెల్లగా విస్తరిస్తుంది. ఈ దశలో క్యాన్సర్ కణాలు చర్మపు పై పొరకే పరిమితమై ఉంటాయి. ఆ తరువాత మధ్యలో ఒక గడ్డ లేచి, పుండు పడి, రక్తం కారుతుంది. మన గ్రామాలలో రోగి మొదటిసారి ఎవరికైనా కాలు చూపించేది అప్పుడే.

అప్పటికి జరగవలసిన సొంత వైద్యం చాలావరకు జరిగిపోతుంది. ముల్లు విరిగిందని పిన్నీసుతో కెలకడం, ఆనెకాయ అని బ్లేడుతో చెక్కడం, జిల్లేడు పాలు పోయడం, జీడితో కాల్చడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నవే. పులిపిరి అని మందుల దుకాణంలో దొరికే ఆమ్లాన్ని పూయడం పట్టణాలలోని పద్ధతి. ఈ పనుల వల్ల సాధారణ మచ్చ క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారం లేదు. కానీ పైపొర చెదిరి, పుండై, అసలు రూపం గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, విలువైన కాలం గడిచిపోతుంది.

మధుమేహం ఉన్నవారి విషయంలో పొరపాటుకు మరింత ఆస్కారం ఉంది. వారి అరికాలి మీద పుండు పడితే అది చక్కెర పుండేనని రోగీ, వైద్యుడూ కూడా నమ్ముతారు. కట్లు మారుతాయి, యాంటీబయాటిక్‌లు మారుతాయి, నెలలు గడుస్తాయి. పైగా కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు. వర్ణద్రవ్యం లేని ఈ రకం ఎర్రని మాంసపు ముద్దలా ఉండి, మానని పుండును అచ్చంగా పోలి ఉంటుంది. తగిన వైద్యం చేసినా రెండు నెలలలో మానని పాదపు పుండు ఏదైనా సరే, దాని అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నది పాదవైద్యంలో స్థిరపడిన నియమం. దీనిని పాటించడానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు.

గోటి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్రిటిష్ శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1886లోనే గోటి మెలనోమాను వర్ణిస్తూ దానికి పెట్టిన పేరు మన భాషలో చెప్పాలంటే ‘నల్ల గోరుచుట్టు’. గోటి కింది నలుపు గోరు దాటి పక్కనున్న చర్మంలోకి, గోటి మొదలులోకి వ్యాపిస్తే ప్రమాద సూచనగా భావించాలని ఆయన గుర్తించారు. నేటికీ ఆ లక్షణం హచిన్సన్ చిహ్నం పేరుతోనే వైద్య విద్యార్థుల పాఠాలలో ఉంది.

గోటిమీద నిలువుగా నల్లని గీత కనిపించిన ప్రతివారూ భయపడనక్కరలేదు. మన వంటి చర్మవర్ణం గలవారిలో వయసు పెరిగే కొద్దీ అనేక గోళ్లపై అటువంటి గీతలు రావడం సహజం. దెబ్బ తగిలి గోటి కింద గడ్డకట్టిన రక్తం కూడా నల్లగానే ఉంటుంది, కానీ గోరు పెరిగే కొద్దీ అది ముందుకు జరుగుతూ కొన్ని నెలలలో గోటితోపాటు బయటకు పోతుంది. అనుమానించవలసిన గీత లక్షణాలు వేరు. ఒకే గోటిపై, అందులోనూ బొటనవేలిపై లేదా చూపుడువేలిపై నడివయసు దాటాక కొత్తగా వచ్చింది, 3 మిల్లీమీటర్లకు మించి వెడల్పైంది, మొదలు వద్ద మరింత విస్తరిస్తున్నది, గోటిని చీలుస్తున్నది అయితే చర్మవైద్యునికి చూపించవలసిందే. పుప్పిగోరు అనుకుని ఏడాది పొడవునా ఫంగస్ మందులు వాడిన తరువాత బయటపడిన కేసులు వైద్య పత్రికలలో చాలా ఉన్నాయి.

ప్రపంచ ప్రసిద్ధ జమైకా గాయకుడు బాబ్ మార్లీ ఉదంతం ఈ విషయంలో అందరికీ తెలిసినదే. కాలి బొటనవేలి గోటి కింది నలుపును ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. 1977లో అది మెలనోమా అని తేలింది. వేలిని తొలగించడానికి మతవిశ్వాసాల రీత్యా ఆయన అంగీకరించలేదు. గోరు, దాని కింది కణజాలం మాత్రం తీసి చర్మం అతికించారు. వ్యాధి శరీరమంతా వ్యాపించి 1981 మే 11న మయామీలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు.

చాళ్లూ గట్లూ

అరికాలి చర్మాన్ని దగ్గరగా చూస్తే దున్నిన పొలంలా ఉంటుంది. సమాంతరంగా సాగే చాళ్లు, వాటి మధ్య గట్లు కనిపిస్తాయి. చెమట రంధ్రాలు గట్లపై వరుసగా తెరుచుకుంటాయి. డెర్మటోస్కోప్ అనే చేతిలో ఇమిడే భూతద్దంతో జపాన్ చర్మవైద్యులు ఈ పొలాన్ని దశాబ్దాలపాటు పరిశీలించి ఒక సులువైన భేదాన్ని కనుగొన్నారు. సాధారణ పుట్టుమచ్చలో రంగు ప్రధానంగా చాళ్ల వెంట ఉంటుంది. మెలనోమాలో రంగు గట్ల మీదకు ఎక్కుతుంది. తొషియాకి సైదా బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో గట్లపై రంగు అనే ఈ ఒక్క లక్షణానికి మెలనోమాలను పట్టుకునే సామర్థ్యం 86 శాతంగా, మెలనోమా కాని మచ్చలను వేరుచేసే సామర్థ్యం 99 శాతంగా నమోదైంది.

గోరింటాకు, పారాణి వంటి రంగులు కూడా గట్లనే ఎక్కువగా పట్టుకుంటాయి. కాబట్టి కాలికి రంగు ఉన్న రోజులలో పరీక్షకు వెళ్లవలసి వస్తే ఆ విషయం వైద్యునికి ముందే చెప్పడం మంచిది. ఆ రంగు కొన్ని వారాలలో పోతుంది. మెలనోమా పోదు.

అంతిమ నిర్ధారణ బయాప్సీతోనే. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అనే నమ్మకం మన సమాజంలో చాలా గట్టిది. బయాప్సీ వల్ల మెలనోమా వ్యాపించి ఆయుర్దాయం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. బయాప్సీకి నిరాకరించి వ్యాధి ముదిరిన తరువాత వచ్చిన వారికి జరిగిన నష్టం మాత్రం ప్రతి క్యాన్సర్ ఆసుపత్రికీ అనుభవమే.

మిల్లీమీటర్లే నిర్ణాయకం

మెలనోమాలో రోగి భవిష్యత్తును అన్నిటికన్నా ఎక్కువగా సూచించేది మచ్చ వైశాల్యం కాదు, లోతు. అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో దీనిని సూక్ష్మదర్శిని కింద మిల్లీమీటర్లలో కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఒక మిల్లీమీటరు లోపు, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి నాలుగు, నాలుగు పైన అనే నాలుగు మెట్లుగా నేటి దశల విభజన ఉంది. ప్రతి మెట్టులోనూ పుండు పడిందా లేదా అన్నది మరో కొలమానం. బియ్యపుగింజ మందం కన్నా తక్కువ తేడా, తేలికగా నయమయ్యే వ్యాధికీ, శరీరమంతా పాకే వ్యాధికీ మధ్య గీత గీస్తుంది.

చికిత్సకు మూలస్తంభం శస్త్రచికిత్స. పై పొరకే పరిమితమైన మెలనోమాకు చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు, ఒక మిల్లీమీటరు లోపు లోతున్నదానికి ఒక సెంటీమీటరు, రెండు మిల్లీమీటర్లు దాటినదానికి రెండు సెంటీమీటర్లు ఆరోగ్యకరమైన చర్మాన్ని కలిపి తొలగిస్తారు. వీపు మీద రెండు సెంటీమీటర్లు తీయడం సులువు. మడమ మీద అంత తీస్తే మిగిలిన చోట శరీరపు బరువు మోయగల చర్మాన్ని తిరిగి అమర్చాలి. తొడ నుంచి తీసిన పలుచని చర్మం నడకకు తట్టుకోదు. అందుకని పాదపు వంపులో బరువు పడని చోటి నుంచి రక్తనాళాలతో సహా చర్మాన్ని జరిపి మడమకు కప్పే పద్ధతిని ప్లాస్టిక్ సర్జన్లు అనుసరిస్తారు. రోజు కూలీతో బతికే వ్యక్తికి తిరిగి నిలబడి పనిచేయగలగడమే చికిత్స విజయానికి కొలత కాబట్టి, ఈ రెండో శస్త్రచికిత్స మొదటిదానికన్నా తక్కువైనదేమీ కాదు.

వేలి విషయంలోనూ పూర్వపు కఠినత్వం తగ్గింది. పై పొర దాటని గోటి మెలనోమాకు గోటి భాగాన్ని మాత్రం తీసి వేలిని కాపాడటం ఇప్పుడు అంగీకృత పద్ధతి. లోతుగా చొచ్చుకుపోతే వేలి కొసను లేదా వేలిని తొలగించవలసి వస్తుంది. మొత్తం కాలు తీసివేయడం నేడు అరుదు.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడం మనకు తెలిసిన అనుభవమే. పాదం నుంచి వచ్చే లింఫ్ ద్రవం మొదట చేరేది గజ్జలలోని గ్రంథులకు. మెలనోమా కణాలు కూడా సాధారణంగా ఆ దారినే పోతాయి. గ్రంథి చేతికి తగలకపోయినా అందులో కణాలు చేరి ఉండవచ్చు. నీలిరంగు ద్రవాన్ని, స్వల్పమైన రేడియోధార్మిక పదార్థాన్ని మచ్చ దగ్గర ఎక్కించి, అవి మొదట చేరే గ్రంథిని కనిపెట్టి దానిని మాత్రం తీసి పరీక్షించే పద్ధతిని డొనాల్డ్ మోర్టన్ బృందం 1992లో ప్రకటించింది. ఆ కాపలా గ్రంథిలో వ్యాధి ఉంటే తక్కిన గ్రంథులన్నిటినీ వెంటనే తీసివేయడం ఆనవాయితీగా ఉండేది. 2017లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ ప్రయోగం, అలా తీసివేయడం వల్ల మెలనోమా మరణాలు తగ్గడం లేదని చూపింది. ఫలితంగా జీవితాంతం కాలు వాపుతో బాధపడే అవస్థ చాలామందికి తప్పింది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ పరీక్షలతో గ్రంథులను క్రమం తప్పక గమనిస్తారు.

కొత్త మందులు, పాత అంతరాలు

వ్యాధి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకిన తరువాత 2010 వరకు వైద్యుల చేతిలో ఉన్నది ప్రధానంగా డకార్బజీన్ అనే కీమోథెరపీ మందు. దానికి స్పందించేవారు తక్కువ, ఆ స్పందన నిలిచేదీ తక్కువే. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అమెరికాలో అనుమతి పొందడంతో చిత్రం మారింది. ఇవి క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. శరీర రక్షణ కణాలకు పడిన కళ్ళేన్ని వదులు చేస్తాయి. ఈ సూత్రాన్ని కనుగొన్న జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. రెండు మందులు కలిపి ఇచ్చిన ప్రయోగంలో, వ్యాధి ముదిరిన రోగులలో 43 శాతం మంది పదేళ్ల తరువాత కూడా జీవించి ఉన్నట్టు 2024లో వెల్లడైంది. పూర్వం ఇటువంటి రోగులలో సగం మంది ఏడాది లోపే మరణించేవారు.

అరికాలి మెలనోమా రోగులకు ఈ శుభవార్త పూర్తిగా వర్తించదు. ఎండ వల్ల పుట్టిన మెలనోమాలో జన్యు మార్పులు ఎక్కువ. అందువల్ల రక్షణ కణాలకు దానిని పరాయిదిగా గుర్తుపట్టడం తేలిక. అరికాలి రకంలో మార్పులు తక్కువ కనుక గుర్తుపట్టడమూ తక్కువ. అంతకుముందు ఇతర చికిత్స పొందిన చైనా రోగులపై పెంబ్రోలిజుమాబ్‌ను ప్రయోగించినప్పుడు సుమారు ఆరుగురిలో ఒక్కరిలోనే కణితి గణనీయంగా తగ్గింది. ఆ రోగులలో ఎక్కువమందికి ఉన్నవి అరికాలి, శ్లేష్మపొర మెలనోమాలే. ప్రామాణిక చికిత్సలను నిర్ణయించిన ప్రధాన ప్రయోగాలన్నీ ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాలలో ఎక్కువగా శ్వేతజాతి రోగులపై జరిగాయి. ఆసియా రోగికి వచ్చే రకం గురించి తెలుసుకునే భారాన్ని జపాన్, చైనా, దక్షిణ కొరియాలు మోస్తున్నాయి. ఇంత జనాభా ఉన్న భారతదేశం ఆ వరుసలో ఇంకా వెనుకబడి ఉందనక తప్పదు.

బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి మాత్రలుగా తీసుకునే లక్ష్యిత మందులున్నాయి. తెల్లవారి చర్మ మెలనోమాలలో దాదాపు సగంలో ఆ మార్పు ఉంటే, అరికాలి రకంలో అది అంతకన్నా చాలా తక్కువ. వీరిలో కొందరికి కిట్ అనే మరో జన్యువులో మార్పు ఉంటుంది. అటువంటివారిలో రమారమి నలుగురిలో ఒకరికి ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుందని 2011లో వెలువడిన అధ్యయనాలు తెలిపాయి. ఇది రక్త క్యాన్సర్ చికిత్సతో మన దేశంలో సుపరిచితమైన మందే. నొవార్టిస్ సంస్థ ‘గ్లివెక్’ పేటెంటు దరఖాస్తును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తిరస్కరించిన తీర్పు కూడా దీని గురించినదే. అందువల్ల ఇది మన దేశంలో చౌకగా దొరుకుతోంది. జన్యు పరీక్షలో కిట్ మార్పు బయటపడిన పేద రోగికి ఇది చిన్న విషయం కాదు. అయితే ముందుగా ఆ పరీక్ష చేయించాలి.

రక్షణ వ్యవస్థను మేల్కొలిపే మందుల ఖర్చు లక్షల రూపాయలలో ఉంటుంది. వాటి వల్ల థైరాయిడ్ లోపం, పెద్దపేగు వాపు, ఊపిరితిత్తుల వాపు వంటి దుష్ఫలితాలు కూడా కలగవచ్చు కాబట్టి అనుభవజ్ఞుల పర్యవేక్షణ తప్పనిసరి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను సాధారణ మోతాదులో పదోవంతుకన్నా తక్కువగా ఇచ్చినా ప్రయోజనం ఉన్నట్టు 2022లో ప్రకటించింది. మెలనోమాకు ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించలేము. భారతీయ పరిస్థితులకు తగిన ప్రశ్నను భారతీయ వైద్యులే వేసుకున్న మంచి ఉదాహరణగా మాత్రం దానిని పేర్కొనవచ్చు.

మందులు ఇంత ఖరీదై, మన రోగులకు వచ్చే రకంపై ఇంత తక్కువగా పనిచేస్తున్నప్పుడు, శస్త్రచికిత్సతో నయమయ్యే దశలో వ్యాధిని పట్టుకోవడం పాశ్చాత్య దేశాలలోకన్నా మన దగ్గరే మరింత అవసరమవుతుంది.

ఎక్కడ చూపించుకోవాలి

ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఉచితంగా నిర్వహించే క్యాన్సర్ ముందస్తు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకు సంబంధించినవి. చర్మం అందులో లేదు. వ్యాధి ఇంత అరుదైనప్పుడు ప్రతివారినీ పరీక్షించడం ఆచరణసాధ్యం కాదు కాబట్టి ఆ నిర్ణయంలో తప్పులేదు. మధుమేహ రోగులకు పాదాలు పరీక్షించే చోట, కుష్ఠు వ్యాధి తరువాతి పుండ్లకు కట్లు కట్టే చోట నల్లమచ్చను కూడా గమనించమని సిబ్బందికి నేర్పడం మాత్రం అదనపు ఖర్చు లేని పని.

అరికాలిని సొంతంగా చూసుకోవడం వృద్ధులకు కష్టం. నెలకొకసారి స్నానం తరువాత వెలుతురులో ఇంట్లో మరొకరు మడమ, వేళ్ల సందులు, గోళ్లు చూస్తే సరిపోతుంది. కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ, రంగు మారుతున్న పాత మచ్చ, మానని పుండు, కారణం లేకుండా రక్తం కారే చోటు కనిపిస్తే వెళ్లవలసినది చర్మవ్యాధుల విభాగానికి. ఈ విభాగం ప్రభుత్వ వైద్య కళాశాలల బోధనాసుపత్రులలో ఉంటుంది. మొదటి పరీక్షకు ఓపీ చీటీ చాలు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి తెలుగువారికి అందుబాటులో ఉన్న ప్రభుత్వ రంగ సంస్థలు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, దేశవ్యాప్తంగా ఆయుష్మాన్ భారత్ పథకాల కింద క్యాన్సర్ శస్త్రచికిత్సలకు ఆర్థిక సహాయం లభిస్తుంది. ఏ మందు పథకం పరిధిలోకి వస్తుందో చికిత్స మొదలుకాక ముందే ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

చికిత్స పూర్తయిన తరువాత మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, ఆపైన ఎక్కువ వ్యవధులలో పరీక్షకు వెళ్లాలి. ప్రతిసారీ పాత గాయపు చుట్టుపక్కలను, గజ్జలను, రెండో పాదాన్ని కూడా వైద్యులు చూస్తారు. ఒక ఊరిలో బయాప్సీ చేయించుకుని మరో ఊరి ఆసుపత్రికి వెళ్లేవారు నివేదిక కాగితంతోపాటు గాజు పలకలను, కణజాలాన్ని భద్రపరిచిన మైనపు దిమ్మెను కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవాలి. లోతును మళ్లీ కొలవడానికైనా, కిట్, బ్రాఫ్ జన్యు పరీక్షలకైనా సాధారణంగా అవసరమయ్యేది ఆ దిమ్మే. అది లేకపోతే రోగికి రెండోసారి కోత తప్పకపోవచ్చు.